శాలువా మూడో మడత

ఇప్పుడైతే నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు ఎనిమిదో తరగతి బి సెక్షన్ గుమ్మం దగ్గర నిలబడ్డప్పుడు వెనక్కి తిరిగి ఇంటికి పోదామా అనిపించింది. జనవరి చలి. చీర మీద స్వెటరు, స్వెటరు మీద మా ఆడపడుచు పెట్టిన పెద్ద ఊలు శాలువా. అంత కప్పుకున్నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. చలికే వణుకుతున్నాయని పక్కనున్న భాటియా మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ఆ స్కూల్లో లెక్కల టీచర్లందరికీ పెద్ద. నమ్మినట్టే తల ఊపింది.

నేను వెళ్ళింది డెమో క్లాసుకి. ఢిల్లీలో ప్రైవేటు స్కూళ్ళలో టీచరు ఉద్యోగం కావాలంటే సర్టిఫికెట్లు చూపిస్తే చాలదు. నిజంగా పిల్లల ముందు నిలబడి ఒక పీరియడు పాఠం చెప్పి చూపించాలి. వెనక బెంచీలో కూర్చున్న పెద్దలు మన ముఖం, మన ఇంగ్లీషు, బోర్డు మీద మన రాత, అన్నీ చూసి మార్కులు వేసుకుంటారు. దీనికంటే పెళ్ళిచూపులు నయం. అక్కడ కనీసం కూర్చోనిస్తారు.

పెళ్ళికి ముందు నేను రేపల్లెలో ఒక కాన్వెంటులో లెక్కలు చెప్పేదాన్ని. బాగా చెప్పేదాన్ని. గొప్ప కోసం అనడం లేదు, ఉన్నమాట. మా ఆయన సాయినాథ్‌ది సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగం. నాగపూర్ అన్నారు, భోపాల్ అన్నారు, గౌహతి అన్నారు. ప్రతిచోటా నేను ఏదో ఒక స్కూలు వెతుక్కుని, దరఖాస్తు పెట్టి, వాళ్ళు రమ్మనేసరికి ఈయన చేతిలో బదిలీ ఆర్డరు ఉండేది. చివరికి సరోజినీ నగర్ క్వార్టర్సులో కుదురుకున్నాం. ఇక్కడికొచ్చాక రెండు స్కూళ్ళలో డెమో ఇచ్చాను. "తెలియజేస్తాం" అన్నారు, ఇవాళ్టికీ తెలియజేయలేదు. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్నారేం అని ఒకావిడ అడిగింది. ఖాళీగా లేనమ్మా, లారీల్లో సామాన్లు ఎక్కించి దించుతున్నాను అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

ఈ మూడోది కూడా పోతే ఇక అడగనని మా ఆయనతో చెప్పేశాను. కోపంతో కాదు, నిజంగానే చెప్పాను. నా పుస్తకాలు అట్టపెట్టెలో పెట్టి ఎవరికైనా ఇచ్చేద్దాం అన్నాను. ఆయన టీ తాగుతూ, "ముందు వెళ్ళిరా కస్తూరీ" అన్నారు. ఆయనకి నా మీద నమ్మకమో, లేక ఆ మాట వినీ వినీ విసుగో నాకు తెలీదు.

అసలు చిక్కు ఏమిటంటే ఆ స్కూలు మా అమ్మాయి శ్రుతి చదివే స్కూలే. వసంత్ కుంజ్‌లో. వాళ్ళ లెక్కల టీచరు సంవత్సరం మధ్యలో మానేసిందని అన్నం తింటూ అదే నోరు జారింది. నేను దరఖాస్తు పెట్టానని తెలిశాక తల పట్టుకుంది.

"మమ్మీ, ప్లీజ్. స్కూల్లో కనిపిస్తే నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. ఠీక్ హై?" అంది.

ఠీక్ హై అన్నాను. మనసు చివుక్కుమన్నా అన్నాను. దాని బాధ నాకు తెలుసు. పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు నేను మాట్లాడిన హిందీని దాని స్నేహితులు వారం పొడుగునా అనుకరించి నవ్వుకున్నారట. ఢిల్లీ వచ్చి ఇన్నాళ్ళయినా బస్సు ఆడదో మగదో నాకు అంతుపట్టలేదు. "బస్ ఆయా" అంటే నవ్వుతారు, "ఆయీ" అనాలట. వచ్చింది కదా, ఎక్కుదాం, దాని ఆడామగా మనకెందుకు అని నా వాదన. పదమూడేళ్ళ పిల్లకి ఆ వాదన ఎక్కదు. లెక్కలు కూడా నా దగ్గర చెప్పించుకోదు. "నీ మెథడ్ వేరు" అంటుంది. ఫోనులో ఎవడో చెప్పింది వింటుంది.

ఎనిమిదో తరగతికి మూడు సెక్షన్లున్నాయి, శ్రుతిది బి. బి తప్ప ఏదైనా ఇప్పించు తండ్రీ అని ఆటోలో వస్తున్నంతసేపూ మొక్కుకున్నాను. భాటియా మేడమ్ నేరుగా బి సెక్షన్‌కే తీసుకొచ్చింది. దేవుడికి ఢిల్లీలో తెలుగు వినబడదేమో అనుకున్నాను.

లోపలికి వెళ్ళాను. భాటియా మేడమ్ వెనక బెంచీలో మరో ఇద్దరు పెద్దల పక్కన కూర్చుంది. మూడో వరసలో కిటికీ పక్కన శ్రుతి. నన్ను చూసింది, వెంటనే పుస్తకంలోకి తల దించేసింది.

పాఠం ఘాతాంకాలు. అందులోనూ మైనస్ ఘాతాలు. మా జిల్లా పరిషత్ స్కూల్లో మాస్టారు, "కింద ఉన్నది భూమి, నెత్తిన చిన్నగా కూర్చున్నది ఘాతాంకం. భూమిని ఎన్నిసార్లు వేసి గుణించాలో నెత్తినున్నవాడు చెబుతాడు" అనేవారు. ఇక్కడ దాన్ని 'పవర్' అంటారు. ఆ ముక్కలన్నీ ఇంగ్లీషులో వంటింట్లో కుక్కరు ముందు చెప్పి చెప్పి సాధన చేశాను. కుక్కరు ఒక్క ప్రశ్న వేయలేదు, అన్నిటికీ ఈల వేసింది.

ముందు పాతది గుర్తు చేద్దామని బోర్డు మీద 2³ అని రాశాను. పక్కన సమానం గుర్తు పెట్టాను. ఆ పక్కన 6 అని రాశాను.

రాసిన సంగతి నాకు తెలియనే తెలియదు. వెనక నవ్వు వినబడ్డాక తల ఎత్తి చూశాను. ఆరు. నా చేత్తో, నా దస్తూరీలో, గుండ్రంగా. రెండు పవర్ మూడు అంటే రెండుని మూడుసార్లు వేసి గుణించాలి. రెండు, నాలుగు, ఎనిమిది. ఏడో తరగతి పిల్లలు నిద్రలో చెప్పే జవాబు. లెక్కల టీచరు ఉద్యోగానికి వచ్చి నేను ఆరు రాశాను.

ఎందుకు రాశానో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. నోటితో ఏ భాష మాట్లాడినా లోపల నేను లెక్క తెలుగులోనే వేస్తాను. కూరగాయల బండివాడితో హిందీలో బేరమాడుతూనే లోపల ఎక్కం చదువుకుంటాను. రెండూ మూడూ పక్కపక్కన కనబడగానే, చిన్నప్పుడు బెత్తం దెబ్బలతో నేర్చుకున్న "రెండు మూళ్ళు ఆరు" తన్నుకొచ్చింది. నేను ఆపేలోపే చెయ్యి రాసేసింది.

శ్రుతి వైపు చూశాను. డెస్కు మీద రెండు మోచేతులూ పెట్టి అరచేతుల్లో ముఖం దాచుకుంది. వెనక భాటియా మేడమ్ పక్కనున్నాయన ఏదో రాసుకుంటున్నాడు. అయిపోయింది అనుకున్నాను. నిజంగా అట్టపెట్టె కళ్ళ ముందు కనబడింది.

అప్పుడు మొదటి బెంచీలో ఆదిత్య అనే కుర్రాడు లేచాడు. "మ్యామ్, కావాలనే తప్పు రాశారు కదా? మేం పట్టుకుంటామో లేదో అని" అన్నాడు.

వెటకారమా, జాలా అన్నది వాడి ముఖం చూస్తే తెలియలేదు. ఏదైతేనేం, పారిపోవడానికి తలుపు తీసి పట్టుకున్నాడు. అవును బాబూ, వెరీ గుడ్, కూర్చో అంటే సరిపోయేది. వెనకున్న పెద్దలు కూడా మెచ్చుకునేవారేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ కిటికీ పక్కన ఒకత్తి ఉంది. దానికి తెలుసు నేను కావాలని రాయలేదని. నా చెయ్యి ఎప్పుడు వణుకుతుందో దానికి తెలిసినంత ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

"కాదు. తప్పే రాశాను" అన్నాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. మా భాషలో ఎక్కాలు పాటలా చదువుతామని, ఆ పాట ముందు పరిగెత్తిందని చెప్పాను. ఒకసారి పాడి వినిపించమన్నారు. రెండో ఎక్కం గడగడా చదివాను. ఈసారి కూడా నవ్వారు గానీ ఈ నవ్వు వేరు. నాకు ఊపిరి ఆడింది. దాచడానికి ఇంక ఏమీ లేనప్పుడు ఇంత హాయిగా ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆరుని చెరపకుండా పక్కనే ఎనిమిది రాసి పాఠంలోకి దిగాను. ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి అని కిందకి రాసుకుంటూ వచ్చాను. పవర్ ఒక్కొక్కటీ తగ్గినకొద్దీ జవాబు సగమవుతుంది. రెండు పవర్ సున్నా ఒకటి. ఇంకా తగ్గితే సగం, పావు, అందులో సగం. అందుకని రెండు పవర్ మైనస్ మూడు అంటే ఎనిమిదో వంతు. పిల్లలు బుద్ధిగా పుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు.

ఆదిత్య ఎక్కించుకోలేదు. మళ్ళీ లేచాడు.

"మ్యామ్, మూడుసార్లు గుణించడం అర్థమైంది. సున్నాసార్లు గుణిస్తే ఏమీ చెయ్యనట్టే కదా, మరి ఒకటి ఎక్కడిది? మైనస్ మూడుసార్లు ఎలా గుణిస్తారు? నాకైతే మైనస్ ఎనిమిది రావాలి."

"ఇప్పుడే చూపించాను కదా నాన్నా, వరస అలా వస్తోంది."

"వరస వస్తోంది మ్యామ్. కానీ ఎందుకు?"

నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు. వాడు అడిగింది సరైన ప్రశ్న, నా దగ్గరున్నది పుస్తకం జవాబు. భాటియా మేడమ్ గడియారం చూసుకుంది. అప్పుడు భుజం మీంచి జారుతున్న శాలువాని సర్దుకుంటుంటే చేతికి ఒక ఆలోచన తగిలింది. శాలువా తీసేశాను. చలి అనిపించలేదు.

"ఇది పెద్దది. మడతపెట్టడానికి నాకు ఒకరు సాయం కావాలి" అన్నాను, సాధన చేసిన ఇంగ్లీషు వదిలేసి నా హిందీలోనే.

ఆదిత్య బెంచీలోంచి బయటికి రాబోయాడు. వాడికంటే ముందు మూడో వరసలో బెంచీ జరిగిన చప్పుడైంది. శ్రుతి లేచి నడిచొచ్చింది. ముఖం ఎర్రగా ఉంది. శాలువా రెండో కొస అందుకుని క్లాసు వైపు తిరిగి, "ఇంట్లో దుప్పట్లు మడతపెట్టేది మేమిద్దరమే. మా మమ్మీ" అని హిందీలో అంది. దాని స్నేహితురాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అది పట్టించుకోలేదు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. శాలువా దులిపినట్టు చేసి ముఖం అటు తిప్పుకున్నాను.

"ఇంకా మడతపెట్టలేదు. అంటే సున్నా మడతలు. ఎన్ని పొరలున్నాయి?" అని అడిగాను.

"ఒకటి" అన్నారు.

"సున్నా మడతలంటే శాలువా లేకుండా పోలేదు కదా. అందుకే ఒకటి."

ఆదిత్య కూర్చోవడం మరిచిపోయి నిలబడే ఉన్నాడు.

శ్రుతి నడిచొచ్చి తన కొసలు నా చేతిలో పెట్టింది. వంగి కిందనున్న మడత అంచు అందుకుని మళ్ళీ వెనక్కి జరిగింది. ఆదివారం బాల్కనీలో చేసినట్టే, మాట లేకుండా. రెండు పొరలు. ఇంకోసారి. నాలుగు పొరలు.

"మూడో మడతకి?"

ఒకమ్మాయి "ఆరు" అంది. వెంటనే నాలుక కరుచుకుంది.

"పర్లేదు, నేనూ ఆరే అన్నాను. రా, లెక్కపెట్టు."

మూడో మడత పెట్టాం. ఆ అమ్మాయి వచ్చి అంచులు వేలితో విడదీసి లెక్కపెట్టింది. ఎనిమిది. నాలుగు పొరలకి ఇంకో రెండు కలిపితే ఆరవుతుంది, కానీ మడత అలా ఊరుకోదు, అప్పటిదాకా ఉన్న పొరలన్నిటినీ కలిపి వంచుతుంది అని చెప్పాను. బోర్డు మీద ఆరూ ఎనిమిదీ పక్కపక్కనే ఉన్నాయి. రెంటికీ తేడా ఏమిటో వాళ్ళకి ఇప్పుడు కనబడింది.

"పొరలు పెరుగుతున్నాయి మ్యామ్. మైనస్ ఎక్కడుంది?" అన్నాడు ఆదిత్య. వాడు వదిలే రకం కాదు.

దానికి జవాబు నేను ముందుగా అనుకుని రాలేదు. నిజం చెబుతున్నాను. తల ఎత్తితే ఎదురుగా శ్రుతి ముఖం ఉంది, చాలా దగ్గరగా. మొదట శాలువా పొడుగంతా మా మధ్య ఉంది. ఇప్పుడు మా చేతుల మధ్య జానెడు దూరం. అది చూశాక నాకే అర్థమైంది.

"మా ఇద్దరి మధ్య దూరం చూడండి" అన్నాను. "మొదట శాలువా అంత. దాన్ని ఒకటి అనుకోండి. ఒక మడతకి ఎంతైంది?"

"సగం."

"రెండో మడతకి?"

"పావు."

"ఇప్పుడు?"

ఈసారి ఆదిత్య ఒక్కడే అన్నాడు, మెల్లిగా. "ఎనిమిదో వంతు. రెండు పవర్ మైనస్ మూడు."

"పొరలు లెక్కపెడితే ప్లస్ మూడు. దూరం కొలిస్తే మైనస్ మూడు. మడతలు అవే. పవర్‌లో మైనస్ అంటే సున్నా కంటే కిందకి పడిపోవడం కాదు, చిన్నదవడం. ఎనిమిది పొరల్ని ఎనిమిదో వంతుతో గుణించు, ఎంత?"

"ఒకటి."

"అదే శాలువా. ఎక్కడికీ పోలేదు."

కిటికీ వైపున్న ఒకమ్మాయి చెయ్యెత్తింది. "ఇలా మడతపెడుతూ పోతే దూరం సున్నా అవుతుందా మ్యామ్?"

"అవదమ్మా. సగంలో సగం ఎప్పుడూ ఎంతో కొంత మిగులుతుంది."

ఆదిత్య కూర్చుని పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టాడు. చివరి పీరియడు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఇద్దరు పిల్లలు డెస్కు కింద ఎవరిదో మఫ్లరు మడతపెట్టి లెక్కపెడుతున్నారు. పదమూడేళ్ళకి పైగా నేను చూడని దృశ్యం అది. ఉద్యోగం సంగతి ఆ కాసేపూ నాకు గుర్తులేదు.

వరండాలోకి వచ్చాక మళ్ళీ గుర్తొచ్చింది. భాటియా మేడమ్ మిగతా ఇద్దరితో గుసగుసలాడి నా దగ్గరికి వచ్చింది.

"మీ హిందీ ఘోరంగా ఉంది" అంది.

"అవునండీ" అన్నాను. తెలియజేస్తాం అంటుందని ఎదురుచూస్తున్నాను.

"పిల్లలు నేర్పుతారు లెండి. సోమవారం ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని రండి. మూడు సెక్షన్లూ మీకే."

థాంక్యూ అన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆవిడ వెళ్ళిపోయాక గోడకి ఆనుకుని నిలబడ్డాను. హమ్మయ్య అని పైకే అన్నాను, తెలుగులో, ఎవరు వింటే నాకేం. ఇన్నేళ్ళుగా భుజాల మీద మోస్తున్న మూట ఎవరో దించి కింద పెట్టినట్టుంది. మా ఆయనకి ఫోను చేస్తే, "మరి అట్టపెట్టె?" అన్నారు. "దాన్నిండా మీ పాత ఫైళ్ళు కట్టి పారేస్తాను" అన్నాను. ఆయన నవ్వుతుంటే ఆఫీసులో ఎవరో ఏమైందని అడగడం వినబడింది.

శ్రుతి ఆ రోజు స్కూలు బస్సు ఎక్కలేదు. నాతో ఆటోలో వచ్చింది. శాలువా ఇద్దరం కప్పుకున్నాం. పొగమంచులో బండ్లన్నీ హారన్లు కొడుతూ నత్తనడక నడుస్తున్నాయి. అది బయటికే చూస్తూ కూర్చుంది.

"నీకు భయమేసిందా?" అని అడిగింది ఉన్నట్టుండి.

"చచ్చేంత."

"నువ్వు ఆరు రాస్తున్నప్పుడే చూశాను. అందరికంటే ముందు నేనే చూశాను. ఎనిమిది అని అరుద్దామనుకున్నా."

"అరవాల్సింది."

"అరిస్తే నువ్వు నా మమ్మీవని తెలిసిపోతుందని ఊరుకున్నా." శాలువా అంచు వేలికి చుట్టుకుంది. "నేను అరవకపోవడం వల్లే నీ జాబ్ పోతుందేమో అనుకున్నా. నువ్వు శాలువా తీసేదాకా నాకు కడుపులో నొప్పి."

ఆ మాట విన్నాక నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పీరియడంతా భయపడింది నేనొక్కదాన్నే అనుకున్నాను.

"ఇప్పుడు తగ్గిందా నొప్పి?" అన్నాను.

"ఊఁ" అంది. తల నా భుజం మీద పెట్టి, కళ్ళు మూసుకుని, "సోమవారం హోంవర్క్ మాత్రం ఇవ్వకు" అంది.

ఇస్తానని చెప్పాను.